పాదుకలూ, పడిగే

అన్నదమ్ముల అనుబంధాన్ని గురించి రాయవలసి వచ్చినప్పుడల్లా మన రచయితలు ముందుగా ఒక వస్తువును వెతుక్కుంటారు. తండ్రి వదిలిపోయిన గోడగడియారమో, ఇంటి ముందరి వేపచెట్టో, పొలంగట్టు మీది మోటబావో, ఏదో ఒకటి దొరక్కపోదు. కథ సగానికి వచ్చేసరికి అన్నదమ్ములు వేరుపడతారు. ఆఖరి పేజీలో ఆ వస్తువు కంటబడుతుంది. పెద్దవాడి కళ్ళు చెమరుస్తాయి, చిన్నవాడి గొంతు పూడుకుపోతుంది, కథ ముగుస్తుంది. మాగాణి ఎవరికి పోయింది, చౌడు ఎవరికి వచ్చింది, తండ్రి చేసిన అప్పు ఎవరి నెత్తిన పడింది, ఆ ఇంటి ఆడపడుచుకు ఏమి ముట్టింది అనే వివరాలు రచయితకు అక్కర్లేదు. గడియారం వుంటే చాలు.

ఇది కథలతో పోతే నేను కలం పట్టేవాణ్ణి కాను. 2014లో రాష్ట్రం రెండయిన తర్వాత ఈ పద్ధతే కవితల్లోకీ, వ్యాసాల్లోకీ, సభావేదికల మీదికీ పాకింది. గోదావరి మన ఉమ్మడి సొత్తు, భద్రాద్రి రాముడు మన ఉమ్మడి దేవుడు, రెండు రాష్ట్రాల తెలుగువాళ్ళూ విడిపోయిన అన్నదమ్ములు, వాళ్ళ బంధానికి భద్రాచలమే గుర్తు అంటున్నారు. సంప్రదాయవాదులు అంటే ఆశ్చర్యపోను. వస్తువు వెనక శ్రమను చూడాలనీ, సంబంధాల వెనక ఆస్తిని చూడాలనీ విద్యార్థులకు పాఠాలు చెప్పే అభ్యుదయ రచయితలు కూడా భద్రాచలం వంతెన ఎక్కగానే ఆ మాట మరిచిపోయి చేతులు జోడిస్తున్నారు. నా తగాదా వాళ్ళతోనే.

ఉమ్మడి వస్తువు అన్నదమ్ముల బంధానికి గుర్తు కాజాలదని నా వాదం కాదు. కాగలదు. అయితే ఆ వస్తువు ఎవరి చేతుల్లో వున్నది, ఎవరి కష్టం మీద నిలిచింది, దాన్ని అమ్మే అధికారం ఎవరికున్నది అనే మూడు ప్రశ్నలు అడగకుండా దాన్ని గుర్తు అనేవాడు కవిత్వం చెప్పటం లేదు, దస్తావేజు మీద సాక్షి సంతకం చేస్తున్నాడు.

ఈ విషయంలో తెలుగు భాష మన రచయితల కంటే నిజాయితీగా వున్నది. ఒకే వంశంలో పుట్టినవాణ్ణి మనం పాలివాడంటాము. పాలు అంటే వాటా. సంస్కృతం నుంచి తెచ్చుకున్న దాయాది అనే మాటా అంతే. దాయం అంటే పెద్దల నుంచి వచ్చే భాగం, దాన్ని పుచ్చుకునేవాడు దాయాది. అంటే చుట్టరికానికి పేరు నెత్తురును బట్టి కాక వాటాను బట్టి పెట్టారన్నమాట. ఆ దాయాదే వాడుకలో పగవాడెట్లా అయినాడో తెలుసుకోవటానికి నిఘంటువులు తిరగెయ్యనక్కర్లేదు, సివిలు కోర్టు వరండాలో ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత పుట్టించినవాళ్ళు అన్నదమ్ముల ప్రేమ తెలియని కర్కోటకులు కారు. గొర్రె మీద హక్కు ఇద్దరిదీ, మేపే బాధ్యత మాత్రం ఎవరిదీ కానప్పుడు ఏమవుతుందో కళ్ళారా చూసినవాళ్ళు.

మన ధర్మశాస్త్రం ఈ ఉమ్మడికి ఒక చట్రం బిగించింది. మితాక్షర న్యాయం ప్రకారం పూర్వార్జితంలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు వస్తుంది. పంపకం జరిగేదాకా ఈ చెక్క నాదని ఎవరూ వేలు పెట్టి చూపలేరు. ఆహా, ఎంత ఐక్యత అని మురిసినవాళ్ళు చాలామంది వున్నారు. అందులో కూతురు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళికాని కూతురికి ఆ జన్మహక్కు 1986 చట్టంతో వచ్చింది, దేశమంతటా కూతుళ్ళకు వచ్చింది 2005లో. అంతదాకా అన్నదమ్ముల అనురాగానికి చిహ్నంగా నిలిచిన ప్రతి ఉమ్మడి ఇల్లూ అక్కచెల్లెళ్ళ వాటా మీద నిలిచిన ఇల్లే. ఇది వేరే వ్యాసానికి చాలినంత సంగతి కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నాను. గోడగడియారం కథలు రాసేవాళ్ళు ఈసారి ఆ గడియారం ఏ గోడకు వేలాడుతున్నదో చూస్తే సంతోషిస్తాను.

భద్రాచలం దగ్గర ఈ మాట ఎత్తగానే ఎవరో ఒకరు పాదుకల కథ చెబుతారు. చెప్పవలసిన కథే. రాజ్యం కోసం తండ్రుల్ని ఖైదుచేసిన కొడుకులూ, అన్నల తలలు నరికిన తమ్ముళ్ళూ చరిత్ర నిండా వున్నారు. అటువంటప్పుడు నాకొద్దంటే నాకొద్దని ఇద్దరు అన్నదమ్ములు రాజ్యాన్ని ఒకరిమీదికొకరు తోసుకోవటం జనానికి నచ్చిందంటే అందులో వాళ్ళ అనుభవమూ వున్నది, ఆశా వున్నది. కాని ఆ గుర్తు ఎట్లా పనిచేసిందో చూడండి. చిత్రకూటం నుంచి భరతుడు పాదుకల్ని నెత్తిన పెట్టుకుని నందిగ్రామానికి వచ్చాడు. పధ్నాలుగేళ్ళు వాటికే పట్టం. ఆ పధ్నాలుగేళ్ళూ వాటిని ఎవరూ తొడుక్కోలేదు. వాటి మీద తగువు రాకపోవటానికి కారణం అదే. వాడకం లేని వస్తువు మీద తగువేమి వస్తుంది? అసలు సొత్తు పాదుకలు కాదు, కోసల రాజ్యం. పాదుకల పేరు మీద దాని పాలన నడిచింది. పాదుకలు సింహాసనం మీద వున్నాయి గనక కోసల రైతు శిస్తు కట్టనక్కర్లేకపోయిందని ఏ కవీ చెప్పలేదు. అన్నదమ్ముల మధ్య త్యాగం జరిగింది నిజమే, శిస్తు కట్టేవాడు మాత్రం ఆ త్యాగంలో ఎక్కడా లేడు.

ఈ ఊరికే చెందిన కథ ఇంకొకటి వుంది. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు పైకంతో గుడి కట్టించి, తానీషా కాలంలో గోల్కొండ ఖైదులో పడ్డాడు. ఆఖరికి రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో సుల్తాను దగ్గరికి వెళ్ళి ఆరు లక్షలూ చెల్లించి రశీదు పుచ్చుకున్నారట. అన్నదమ్ములు ఇద్దరూ కలిసి భక్తుడి బాకీ తీర్చారు. చక్కటి కల్పన. చెల్లింపుకు ఇద్దరూ కలిసి పోవటంలో ఉమ్మడి కుటుంబపు మర్యాద కూడా వున్నది. కాని ఆ ఆరు లక్షలు మొదట ఎవరివి? పరగణా రైతులు కట్టిన శిస్తు. కథలో సుల్తానుకు పైకం తిరిగి ముట్టింది, గోపన్నకు చెర తప్పింది, దేవుడికి గుడి మిగిలింది. శిస్తు కట్టినవాడికి తిరిగి వచ్చిందేమిటో కథ చెప్పదు. గోపన్న కంటే ముందు విగ్రహాలను కనుగొని పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టిందని స్థలపురాణం చెప్పే పోకల దమ్మక్కను గిరిజన స్త్రీ అంటారు. పందిరి ఆమెది. గుడి అయిన తర్వాత ఆమెకు కథలో పేరు మిగిలింది.

ఇవి పురాణాలు, వాటిని లెక్కలడగటం అరసికత్వం అని కొందరంటారు. పురాణాన్ని పురాణంగా వుంచితే నేనూ అడగను. దాన్ని తెచ్చి ఇవాళ్టి నీళ్ళ పంపకానికీ, భూమి పంపకానికీ అర్థం చెప్పటానికి వాడుకుంటున్నప్పుడు అడగక తప్పదు.

ఆ అడవిలోనే ఇంకొక ఉమ్మడి వస్తువు వున్నది. మన కథకుల్లో దాన్ని చూసినవాళ్ళు బహు కొద్దిమంది.

కోయల్లో ప్రతి మనిషీ ఏదో ఒక గట్టుకు చెందుతాడు. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఆరో గట్టు, ఏడో గట్టు అని వాళ్ళ లెక్క. ఒక గట్టులో పుట్టినవాళ్ళంతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వాళ్ళలో వాళ్ళకు పెళ్ళి కూడదు. ఇంటిపేరు వేరు కావచ్చు, ఊరు వేరు కావచ్చు, మధ్యన గోదావరో శబరో అడ్డం వుండవచ్చు. గట్టు ఒకటయితే అన్నదమ్ములే. ఆ పాలివాళ్ళకు వేల్పు వుంటుంది. వేల్పుకు గుర్తు పడిగె. అది మూడు కోణాల గుడ్డ. దాని మీద బొమ్మలుంటాయి. ఆ వంశం ఎక్కడ పుట్టింది, ఏ దారిన వచ్చింది, ఎవరితో కయ్యమాడింది, ఎవరితో వియ్యమందింది అన్నదంతా ఆ బొమ్మల్లో వుంటుంది. చదువురాని జాతి రాసుకున్న చరిత్ర అని దాన్ని మెచ్చుకోవటం మన పండితులకు అలవాటు. నిజానికి అక్కడ చదవటం రానిది మనకు. దాన్ని చూసి చదివి పాడేవాళ్ళు డోలి కోయలు. మణుగూరు దగ్గర కూనవరం వాస్తవ్యులు సకిని రామచంద్రయ్య గారు అటువంటి గాయకులు. కోయ భాషలోనూ తెలుగులోనూ వంశకథలు చెప్పేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2024లో కన్నుమూశారు.

ఈ పడిగె ఒక ఇంట్లో వుంటుంది, ఆ ఇంటిది కాదు. ఆ ఇంటివాడు కాపలాదారు. దాన్ని అమ్ముకోలేడు, తాకట్టు పెట్టలేడు, ముగ్గురు కొడుకులు పుడితే మూడు ముక్కలు చేసి ఇవ్వలేడు. మామూలు రోజుల్లో మూటలో వుంటుంది. వేల్పు కొలుపు వచ్చినప్పుడు బయటికి తీస్తారు. అప్పుడు ఊరూరి నుంచి పాలివాళ్ళు రావాలి. ఊరికే వచ్చి దండం పెట్టుకుని పోవటం కాదు, గింజలో కోడో తమ వంతు తెచ్చుకుని రావాలి. డోలి మోగుతుంది, కథ నడుస్తుంది, ఎవరు ఎవరికి అన్నో, ఎవరు తమ్ముడో, ఎవరి పిల్లను ఎవరి ఇంటికి ఇవ్వవచ్చునో అందరూ వినేటట్టు తేలుతుంది. పెళ్ళిలో చేతిసాయం అడగటానికీ, చావులో మోతకు పిలవటానికీ హక్కు అక్కడ ఖరారవుతుంది. అంటే పడిగె బొమ్మే కాదు, ఒక ఏర్పాటు. భూమి పండుగకు మగవాళ్ళు వేటకు పోయి తెచ్చిన మాంసం ఇంటింటికీ వాటాలు పడటం కూడా ఆ ఏర్పాటులోని భాగమే. వేటకు రాలేని ముసలివాడి ఇంటికీ వాటా వుంటుంది.

పాదుకలకూ పడిగెకూ తేడా ఇక్కడ వుంది. పాదుకలు రాజ్యానికి బదులు నిలబడ్డాయి. పడిగె దేనికీ బదులు నిలబడలేదు. దాని చుట్టూ వున్న పని, తిండి, సాయం, సంబంధం అన్నీ నిజంగానే ఉమ్మడిగా వున్నాయి గనక అది ఉమ్మడిగా వున్నది.

ఇంత రాసేసరికి కొందరు మిత్రులు ఆదిమ సామ్యవాదం దొరికిందని కేకవేస్తారు. దయచేసి ఆగండి. కోయగూడెంలో పటేలు వున్నాడు, ముఠాదారు వుండేవాడు, పండిన చింతపండునూ ఇప్పపువ్వునూ అప్పు కింద జమకట్టుకునే సాహుకారు వుండనే వున్నాడు. పడిగె ఎవరి అప్పూ తీర్చలేదు. జ్వరమొచ్చిన పిల్లకు మందు తేలేదు. దాన్ని చూసి కన్నీళ్ళు పెట్టుకోవటం గడియారాన్ని చూసి కన్నీళ్ళు పెట్టుకోవటం లాంటిదే. నేను చెప్పేది ఒక్కటే. ఆ గుడ్డ కింద అడవి వున్నది. నలుగురూ కలిసి పొద నరికి కాల్చి విత్తిన పోడు, నలుగురికీ దారి వున్న వాగు, ఏరుకునే హక్కు వున్న చెట్టు వున్నాయి. అవి పోతే గుడ్డ మిగిలినా అన్నదమ్ములు మిగలరు.

అవి ఎట్లా పోయాయో చెప్పటానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. అటు ఇంగ్లీషువాడూ ఇటు నిజామూ అడవికి హద్దురాళ్ళు పాతి రిజర్వు అన్నారు. నిన్నటిదాకా దున్నినవాడు తెల్లవారేసరికి దొంగ అయినాడు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్వంచ అడవుల్లో సోయం గంగులు వంటి కోయవీరులు ప్రాణాలిచ్చింది ఈ అడవి మీది హక్కు కోసమే. తర్వాత ప్రభుత్వాలు మారాయి, హద్దురాళ్ళు మారలేదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అది పోరాడి తెచ్చుకున్న చట్టం, దాన్ని తేలిక చెయ్యను. 2023లో తెలంగాణ ప్రభుత్వం 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచింది. మంచిదే. అయితే పట్టా కాగితం ఒక సంసారాన్ని అడుగుతుంది. భార్యాభర్తల పేర్లు కలిపి రాయమంటుంది, అదీ మంచిదే. కలిసి పొద నరికిన అన్నదమ్ముల పేర్లు కలిపి రాసే గడి అందులో లేదు. ఊరుమ్మడి హక్కుకు చట్టంలో వేరే చోటున్నది కాని, సర్కారు చేతులు ఆ చోటికి వచ్చేసరికి బరువెక్కుతాయి. పట్టా ఎవరి పేర వుంటే పెట్టుబడి సాయం వాడి ఖాతాలో పడుతుంది, బ్యాంకు అప్పు వాడికి పుడుతుంది. పేరు లేనివాడు అన్నగారి చేలో కూలివాడవుతాడు. ఒక్క తరంలో పాలివాడు దాయాదిగా మారటానికి ఇంతకంటే సులువైన యంత్రం ఏ పండితుడూ కనిపెట్టలేడు.

భద్రాచలం తాలూకాను పెద్దవాళ్ళు చేతులు మార్చుకోవటం ఇవాళ్టి సంగతి కాదు. 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్ళకు అప్పగించాడు. కొన్నాళ్ళు మధ్యపరగణాల్లో వుంది. 1874లో మద్రాసు కింద గోదావరి జిల్లాలో కలిపారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ తర్వాత, 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను తూర్పు గోదావరి నుంచి విడదీసి ఖమ్మం జిల్లాకు ఇచ్చారు. నది దాటి జిల్లా కేంద్రానికి పోవటం తేలికని అప్పటి సమర్థన. 1965లో వంతెన కూడా వచ్చింది. ఈ మార్పుల్లో దేనికీ కోయవాణ్ణి అడిగినవాళ్ళు లేరు.

2014 పంపకం దగ్గరికి వద్దాము. రాష్ట్రాలుగా విడిపోదాం, అన్నదమ్ముల్లా కలిసుందాం అన్న నినాదం ఆ రోజుల్లో ప్రతి గోడ మీదా వుండేది. ఇద్దరూ కలిసి అనుభవించవలసిన సొత్తులు చాలా తేలాయి. హైదరాబాదును పదేళ్ళపాటు ఉమ్మడి రాజధాని అన్నారు. ఆ గడువు 2024 జూన్ 2న తీరింది, దాన్ని ఉమ్మడిగా వాడుకున్న దాఖలా అంతకు చాలా ముందే పోయింది. పోలవరం ప్రాజెక్టును జాతీయ ప్రాజెక్టు అన్నారు. దానికి తెలంగాణ సమ్మతి ఇచ్చినట్టే భావించాలని పునర్వ్యవస్థీకరణ చట్టం 90వ సెక్షనులో రాశారు. అన్నగారి సంతకం తమ్ముడు పెట్టటం పల్లెటూళ్ళలో చూశాము. పెట్టినట్టే భావించాలని పార్లమెంటే రాసిపెట్టటం అప్పుడే చూశాము.

అంతటితో ఆగలేదు. కొత్త రాష్ట్రం ఇంకా పుట్టకముందే, 2014 మే 29న ఆర్డినెన్సు వచ్చింది. జులైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. కూనవరం, చింతూరు, వర రామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పూర్తిగానూ, బూర్గంపాడు మండలంలో కొన్ని గ్రామాలూ, భద్రాచలం మండలంలో భద్రాచలం ఊరు తప్ప మిగతా అంతా ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఇది రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద రక్షించవలసిన ప్రాంతం. ఏ గ్రామసభ ఒప్పుకున్నదని గీత ఇటునుంచి అటు జరిగింది? కోయలూ కొండరెడ్లూ ఏ రాష్ట్రంలో మునగాలో నిర్ణయమైందే తప్ప, మునగాలా వద్దా అన్నది వాళ్ళ దగ్గరికి రానేలేదు.

ఊరు తప్ప అన్న మాట మళ్ళీ చదవండి. గుడి వున్న ఊరు ఒకరికి, ఆ ఊరి చుట్టూ వున్న నేల ఇంకొకరికి. భద్రాచలం నుంచి చర్ల వైపు పోతుంటే మధ్యలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు తగులుతాయి. దేవస్థానం భూములు సుమారు 889 ఎకరాలు పురుషోత్తపట్నంలో వున్నాయి, ఆ పురుషోత్తపట్నం ఆంధ్రలో వుంది. దేవుడు ఒక రాష్ట్రంలో, దేవుడి మాన్యం ఇంకో రాష్ట్రంలో. ఇంతకంటే విచిత్రం ఏమంటే, ఇన్నాళ్ళూ భద్రాద్రిలో ప్రభుత్వ లాంఛనాలతో జరిగిన కల్యాణం తమకు లేకపోయిందని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015 నుంచి కడప జిల్లా ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం జరపటం మొదలుపెట్టింది. ఉమ్మడి దేవుడు అన్నదమ్ములను కలపలేదు సరిగదా, అన్నదమ్ములే తలా ఒక దేవుణ్ణి ఏర్పాటు చేసుకున్నారు. ఏ ఉమ్మడి దేవుణ్ణి గురించి మన కవులు ఇప్పటికీ పద్యాలు కడుతున్నారో నాకు అర్థం కాదు.

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు రాలేదు. ఆ నీటిలో రెండు ప్రభుత్వాల మంత్రులు వాదులాడుకున్నారు. పోలవరం వల్లనే ముంపు పెరిగిందని వీళ్ళు, కాదని వాళ్ళు. ఎటపాక, కన్నాయిగూడెం, పిచుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల పంచాయతీలను తిరిగి ఇమ్మని వీళ్ళు, కుదరదని వాళ్ళు. ఐదు పంచాయతీల కోసం జరిగినంత వాదన మొత్తం ముంపు గ్రామాల కోసం ఎన్నడైనా జరిగిందా? పోలవరం పూర్తి మట్టానికి నిండితే లక్షకు పైగా కుటుంబాలు కదలాలని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. అందులో ఎక్కువ భాగం ఆదివాసులు. వాళ్ళను గురించి ఇద్దరు అన్నదమ్ముల మధ్య తగువు లేదు. ఒకరు ఇచ్చారు, ఒకరు పుచ్చుకున్నారు. ఈ ఒక్క విషయంలో మాత్రం అన్నదమ్ముల ఐక్యత పాదుకలనాటి అంత పవిత్రంగా వున్నది.

ముంపు గ్రామంలో అసలైన అన్నదమ్ములకు ఏమవుతున్నదో ఒక్కసారి చూడండి. పునరావాస ప్యాకేజీకి కుటుంబం లెక్క. పద్దెనిమిదేళ్ళు నిండినవాణ్ణి విడి కుటుంబంగా లెక్కిస్తారు. నిండటం ఒక తేదీ నాటికి నిండాలి. ఆ తేదీ నాటికి అన్నకు పంతొమ్మిది, తమ్ముడికి పదిహేడున్నర. అన్నకు ఇల్లూ ప్యాకేజీ వస్తాయి. తమ్ముడు తండ్రి లెక్కలో పిల్లవాడు. కట్ట కట్టటం ఏళ్ళ తరబడి సాగుతుంది, తమ్ముడికి పెళ్ళయి పిల్లలు పుడతారు, జాబితాలో మాత్రం అతను ఇంకా పదిహేడున్నరే. ఇద్దరూ కలిసి విత్తిన పోడుకు పట్టా లేకపోతే దానికి పరిహారం కోసం వేరే కొట్లాట. ఒకే గంజి తాగి పెరిగిన ఇద్దరిని ఆరు నెలల తేడా యజమానినీ అనామకుణ్ణీ చేస్తుంది. ఆ తమ్ముడు అన్నను ద్వేషించటం మొదలుపెడితే దాన్ని ఆదివాసుల్లో వస్తున్న నైతిక పతనమని రాసే వ్యాసకర్తలు కూడా మనలో వున్నారు.

అన్నదమ్ముల్లో ఇంకా దూరపువాళ్ళున్నారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైన తర్వాత ఊళ్ళు వదిలి ఖమ్మం, భద్రాచలం అడవుల్లోకి వచ్చిన గొత్తికోయలు. గుడిసె వేస్తే పీకుతారు, పోడు కొడితే కేసు పెడతారు, తెలంగాణలో వాళ్ళను షెడ్యూల్డు తెగగా లెక్కించరు. ఇక్కడి కోయల్లో కొందరు వాళ్ళను అక్కున చేర్చుకున్నారు, కొందరు మా అడవికి వాటాకు వచ్చారంటున్నారు. ఆ రెండో మాట విని మనం కోయల్ని నిందించటానికి తొందరపడకూడదు. ఉన్న అడవి చిక్కిపోతున్నప్పుడు కొత్త పాలివాడు ఎవరికైనా బరువే. బరువు పెట్టినవాణ్ణి వదిలేసి మోసేవాళ్ళ మధ్య ప్రేమ లేదని వాపోవటం మన పని కాదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. అన్నదమ్ముల రూపకం మనకు ఎవరో అంటగట్టింది కాదు, మనమే మోశాము. విశాలాంధ్ర కావాలన్నప్పుడు తెలుగువాళ్ళంతా ఒక తల్లి బిడ్డలన్నాము. సుందరయ్య గారు విశాలాంధ్రలో ప్రజారాజ్యం అని పుస్తకం రాసినప్పుడు ఆ పేరులో రెండు మాటలున్నాయి. మనం మొదటి మాటను గట్టిగా పట్టుకుని రెండోదాన్ని వాయిదా వేశాము. భూమి పంచి ఏర్పడవలసిన ఉమ్మడి ఇల్లు భాష పంచి ఏర్పడింది. 2014 నాటికి వామపక్షాల్లోనే ఒక పార్టీ తెలంగాణ అన్నది, ఒక పార్టీ సమైక్యం అన్నది. రెండు వాదాల్లోనూ న్యాయమున్న అంశాలున్నాయి, వాటిని ఇక్కడ తవ్వబోను. కాని తెలుగు తల్లి బిడ్డల్లో అన్న ఎవరు, తమ్ముడు ఎవరు అనే చర్చలో కోయభాష మాట్లాడేవాడు ఏ తల్లి బిడ్డ అని రెండు పక్షాల సాహిత్యంలోనూ అడిగినవాళ్ళు ఎంతమంది? వాళ్ళ భాష వేరు, వాళ్ళ గట్లు వేరు. వాళ్ళు మన పంపకంలో అన్నదమ్ములు కారు, పంచుకున్న సొత్తు. ఈ నిజాన్ని మన రూపకం కప్పిపెట్టింది. మనవాళ్ళు ఆదివాసుల పక్షాన వీధుల్లోకి వచ్చారు, పాదయాత్రలు చేశారు, కేసులు మోశారు. ఆ పని చేసినవాళ్ళకు నా నమస్కారం. వీధిలో ఒక మాటా కవితలో ఇంకో మాటా ఎందుకన్నదే నా ప్రశ్న.

రెండు రాష్ట్రాల బంధాన్ని గురించి రాయదలచిన రచయిత వుంటే నేను అడ్డం రాను. గోదావరిని గురించే రాయనివ్వండి. ఆ నది నీళ్ళు పశ్చిమ గోదావరి రైతుకూ ఖమ్మం రైతుకూ అవసరమే, ఆ అవసరాన్ని నేను తక్కువ చెయ్యను. కాని నీళ్ళు ఉమ్మడి సొత్తని రాసే చోటనే మునిగేది ఎవరి సొత్తో కూడా రాయాలి. కల్యాణ తలంబ్రాలను వర్ణించే చేత్తోనే కుక్కునూరు పునరావాస జాబితాలో పేరులేని తమ్ముడి వయసు కూడా రాయాలి. కథలో పాత్రకు గడియారం ఇచ్చినంత శ్రద్ధగా ఎకరాల లెక్క ఇవ్వాలి. విద్యార్థులు ఈ అడవికి విహారయాత్రకు కాక గట్ల పేర్లు నేర్చుకోవటానికి రావాలి. అక్కడి పంతుళ్ళలో కోయ మాట్లాడగలిగినవాళ్ళు వున్నారు, వాళ్ళ చేత రాయించే పని మన సంఘం చెయ్యవలసింది ఇంతవరకూ చెయ్యలేదు.

ఊరు ఖాళీ చేయించేటప్పుడు అధికార్లు ఇంటి కొలతలు రాసుకుంటారు, చెట్లు లెక్కపెడతారు, మేకల్ని లెక్కపెడతారు. పడిగెకు ఆ ఫారంలో గడి లేదు. దాన్ని మూటగట్టి కాలనీకి మోసుకుపోవచ్చు, బరువేమీ వుండదు. కాలనీలో వరసకు పది ఇళ్ళు, లాటరీ తీసి కేటాయించినవి. ఒక గట్టువాళ్ళు మూడు మండలాల కాలనీల్లో చెదిరిపోయి వున్నారు, కొందరు తెలంగాణ వైపు చుట్టాల దగ్గరికి పోయారు. వచ్చేసారి కొలుపు ఎక్కడ చెయ్యాలో, పాలివాళ్ళకు కబురు ఎవరు పట్టుకుపోవాలో, బస్సు చార్జీలు ఎవరు పెట్టుకోవాలో ఆ మూట వున్న ఇంటి పెద్ద ఇంకా తేల్చుకోలేదు.